ఖాళీగా వచ్చిన రెండు సిరంజిలు

ఫ్లోరిడా వెళ్తున్నానని చెప్పగానే ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న. "డిస్నీ వరల్డా?" అని. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నా. అక్క మాత్రం ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. "పాత బూట్లు తెచ్చుకో రా. ఐసు పెట్టెలు మోయాల్సి ఉంటుంది."

అక్కంటే మా పెద్దనాయన కూతురు. నంద్యాలలో మా రెండిళ్లకూ మధ్యలో ఒక్క గోడ. నేను డాలస్‌లో ఐటీ ఉద్యోగంలో పడ్డా, ఆమె ఉత్తర ఫ్లోరిడాలో భూగర్భ జలాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. అయితే అందరిలా బోరు దగ్గర నిలబడి సీసాలో నీళ్లు పట్టుకోదు. నీళ్లు నిండిన గుహలోకి ఈదుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి పట్టుకొస్తుంది. ఇంట్లో ఈ సంగతి సగమే తెలుసు. "ఏదో ఈత కొడతాదంట" అంటుంది మా పెద్దమ్మ.

అక్టోబరు చివర్లో, శనివారం తెల్లవారుజామున, ఆ 'ఈత' చూడ్డానికి గెయిన్స్‌విల్ నుంచి బయల్దేరాం. కారు నడిపేది అక్క. వెనకాల పికప్ ట్రక్కులో ఆమెతో పాటు గుహలోకి దిగే అమెరికన్ సహచరుడు, సిలిండర్లు, సామాను.

కాళ్ల కింద జల్లెడ

గంట దాటేసరికి రోడ్డుకు రెండు పక్కలా పొలాలు. ఎర్రటి ఇసుక నేల మీద ఏవో తీగలు తిరగేసి ఆరబెట్టారు. అనుమానంగా అద్దం దించి చూశా. వేరుశనగ! అచ్చం మన సీమలో చెట్టు పీకి ఓదెలు వేసినట్టే. కాకపోతే ఇక్కడ ఒక్క మనిషీ లేడు, అంతా మిషన్లే. పొలం మధ్యలో చక్రాల మీద తిరిగే పొడవాటి నీళ్ల పైపు. కాస్త దూరంలో డెయిరీ, పేడ వాసన.

"ఈ పొలాలన్నీ బాగా గుర్తుపెట్టుకో. సాయంత్రం వీటితో పనుంది" అంది అక్క.

ఫ్లోరిడా అడుగున ఉన్నది సున్నపురాయి. వాన నీళ్లు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని, సోడాలా కొంచెం పులుపెక్కి, ఆ రాయిని మెల్లగా కరిగించుకుంటూ పోతాయి. లక్షల ఏళ్లుగా ఇదే పని. అలా రాయంతా జల్లెడైపోయింది. చిన్న చిన్న కన్నాలు కలిసి సొరంగాలయ్యాయి, సొరంగాల నిండా మంచినీళ్లు. దీన్నే ఫ్లోరిడన్ ఆక్విఫర్ అంటారు. దాని విస్తీర్ణం దాదాపు 2.6 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంతో, ఇంచుమించు అంత. కోటి మందికి పైచిలుకు జనం దాహం తీరుస్తున్నది ఆ రాయిలోని నీళ్లే.

ఆ నీళ్లు నేల పగిలి పైకి ఉబికిన చోటే బుగ్గ. ఫ్లోరిడాలో ఇలాంటివి వెయ్యికి పైనే ఉన్నాయి. బుగ్గ అంటే మనకేం కొత్త కాదు. తాడిపత్రిలో పెన్న ఒడ్డునున్న బుగ్గ రామలింగేశ్వరుడికి ఆ పేరొచ్చింది నీటి ఊట వల్లే. మాకైతే మహానంది ఉండనే ఉంది. చిన్నప్పుడు ఆ కోనేట్లో రూపాయి బిళ్ల వేసి, అడుగున మెరుస్తుంటే మునిగి తీసుకునేవాళ్లం. ఆ ఆటలో ఎప్పుడూ గెలిచేది అక్కే.

యముడి బోర్డు

మేం వెళ్లింది లురావిల్ అనే చిన్న ఊరి దగ్గరున్న వెస్ స్కైల్స్ పీకాక్ స్ప్రింగ్స్ స్టేట్ పార్కుకి. వెస్ స్కైల్స్ గుహల్లో ఈదుతూ ఫొటోలు, సినిమాలు తీసి ఈ బుగ్గల లోపలి లోకాన్ని బయటి జనానికి చూపించినాయన. 2010లో చనిపోయాక పార్కుకు ఆయన పేరు పెట్టారు. పార్కంటే ఊయలలు, ఐస్‌క్రీమ్ బండ్లు అనుకోకండి. ఓక్ చెట్ల కింద మట్టిరోడ్డు, చెక్క మెట్లు, ఆ మెట్ల కింద నీళ్లు. అంతే.

ఆ నీళ్లు చూసి నోరు తెరిచా. గాజు పలకలా ఉన్నాయి. అడుగున పడిన ఆకు ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. "ఎంత స్వచ్ఛంగా ఉన్నాయక్కా! ఇలాగే తాగేయొచ్చు" అన్నా. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆ గాజు కిందే ఓ మూలన నల్లగా కనిపిస్తుంది గుహ నోరు. దాని ముందు నీళ్లలోనే ఓ హెచ్చరిక బోర్డు ఉంటుందట. చేతిలో కొడవలి పట్టుకున్న మృత్యువు బొమ్మ. మన యముడికి దున్నపోతు, వీళ్లాయనకి కొడవలి. 'ఈ గుహలో ప్రాణం ఇచ్చేంత విలువైనదేదీ లేదు' అన్నది దాని సారాంశం. శిక్షణ లేకుండా సరదాకి లోపలికి దూరి, దారి తప్పి, గాలి అయిపోయి ఫ్లోరిడా గుహల్లో పోయినవాళ్లు వందల్లో ఉన్నారు. మామూలు డైవింగ్‌లో ఏదైనా తేడా వస్తే పైకి తేలొచ్చు. ఇక్కడ తలపైన రాతి కప్పు. బయటికి దారి ఒక్కటే, వచ్చిన దారి.

షెక్ ఎక్స్‌లీ అనే గజ గుహ ఈతగాడు ఆ చావులన్నింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించి 1979లో ఓ చిన్న పుస్తకం రాశాడు. ఎక్కడ తప్పు జరిగింది, ఏం చేసుంటే బతికేవాళ్లు అని. ఇవాళ్టి సూత్రాలకు పునాది అదే. అక్క బట్టలు మార్చుకుంటూనే నాకు వేళ్ల మీద చెప్పింది.

శిక్షణ లేనిదే దిగకూడదు. బయటి వెలుతురు నుంచి లోపలి దాకా తెగని తాడు ఉండాలి. తాడు మీద బాణం గుర్తులుంటాయి, అవి చూపించేది బయటికి దారి. చీకట్లో చేత్తో తడిమినా తెలియాలి. ఒక్కొక్కరికి మూడేసి లైట్లు, ఒకటి పెద్దది, రెండు చిన్నవి. ఇక గాలి లెక్క. ఉన్న గాలిలో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి. మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడదు, అది ఆపద కోసం.

"ఇంకొకటుంది. ఇద్దరిలో ఎవరికైనా, ఎప్పుడైనా, ఎందుకైనా సరే, వెనక్కి పోదామనిపిస్తే బొటనవేలు పైకి చూపిస్తారు. రెండో మనిషి కారణం అడగకూడదు, తిరగాల్సిందే."

"మరి ఆక్సిజన్ సిలిండర్లు..." అని నేనేదో అనబోయా.

"ఆక్సిజన్ కాదప్పా, గాలి. కాకపోతే అందులో ఆక్సిజన్ పాలు కాస్త పెంచుతారు. ఒట్టి ఆక్సిజన్ ఆ లోతులో పీలిస్తే ఫిట్స్ వచ్చి పోతాం."

పెద్దమ్మకు చెప్పని మిగతా సగం సంగతి ఇదన్నమాట.

గుహలో నీళ్లెలా పడతారు?

సామానులో నాకు వింతగా అనిపించినవి సిరంజిలు. సూది లేని, లావుపాటి ప్లాస్టిక్ సిరంజిలు ఆరు. మూడు చోట్ల, చోటుకు రెండేసి. ఎరుపు, పసుపు, నీలం టేపులు చుట్టి ఉన్నాయి. సీసాలు ఎందుకు కాదంటే, మూత బిగించిన ఖాళీ సీసా లోపలి గాలితో కిందికెళ్తే నొక్కుకుపోతుంది. 20 మీటర్ల లోతులో ఒత్తిడి నేల మీదున్న దానికి మూడింతలు. సిరంజిలో అయితే పిస్టన్ పూర్తిగా లోపలికి నొక్కేసి ఉంటుంది, గాలే ఉండదు. కావాల్సిన చోట లాగితే నీళ్లు వస్తాయి. చిన్న కవాటం తిప్పితే మూసుకుంటాయి.

వినడానికి తేలికే. కానీ ఈదేవాళ్లు వదిలే బుడగలు గుహ కప్పుకు తగిలి అక్కడి మడ్డిని రాలుస్తాయి, నీళ్లలోని వాయువుల లెక్కనూ మార్చేస్తాయి. అందుకే నమూనా లోపలికి వెళ్లేటప్పుడే తీయాలి. నీళ్లు ఎదురొచ్చే వైపు చేయి చాపి, తమ బుడగలు తాకని నీళ్లు పట్టాలి. కాళ్లు ఆడించడం కూడా కప్పలాగా పక్కలకే. కిందికి కొడితే అడుగున పిండిలా ఉన్న మడ్డి లేస్తుంది. ఇక అంతే సంగతులు, చేతికి చేయి కనపడదు. అప్పుడు తాడు పట్టుకుని తడుముకుంటూ రావాల్సిందే.

ఆ చీకట్లోనూ కాపురాలున్నాయి. తెల్లగా పాలిపోయిన, చూపు లేని చిన్న రొయ్య జాతి జీవులు. వెలుతురే ఎరగని వాటికి కళ్లెందుకు, రంగెందుకు? అవి కూడా ఈ నీళ్ల మీదే ఆధారపడ్డాయి.

ఉదయం పదింటికి ఇద్దరూ దిగారు. ఒకరి సామాను ఒకరు సరిచూసుకున్నారు. లైట్లు ఒక్కోటీ వెలిగించి ఆర్పారు. అక్క నా వాచీ చూపించి, "ఎనభై నిమిషాలు. నూట ఇరవై దాటితే ఈ కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చెయ్" అంది. తర్వాత తల మునిగింది. రెండు వెలుగులు నల్లటి నోట్లోకి వెళ్లాయి. బుడగలు కాసేపు వచ్చాయి. అవీ ఆగిపోయాయి.

42వ నిమిషం

ఎదురుచూడ్డం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వస్తూ పోతూ ఉంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని పదిసార్లు తీసి చూసుంటా. నా కాళ్ల కింద, ఈ చెట్ల వేళ్ల కింద ఎక్కడో మా అక్క ఈదుతోంది. ఎక్కడో మాత్రం తెలీదు.

42వ నిమిషంలో నీళ్లు బుసబుసమన్నాయి. బుడగలు! ఎనభై అని చెప్పి ఇంత తొందరగానా? గుండె ఝల్లుమంది. నల్లటి నోట్లోంచి ముందు ఒక పెద్ద వెలుగు, దాని వెనక గుడ్డిదీపంలా ఒక చిన్న వెలుగు. ఇద్దరూ కనిపిస్తున్నారు, కానీ పైకి రారు! ఐదారు మీటర్ల లోతులో గబ్బిలాల్లా వేలాడుతూ ఉండిపోయారు. నేను మెట్ల మీద కూర్చుని చేతులూపుతుంటే అక్క కిందినుంచి వేళ్లతో 'ఓకే' చూపించింది. లోతులో ఒంట్లో కలిసిన నైట్రోజన్ మెల్లగా పోవాలంటే అలా ఆగాలట. ఈ సంగతి ముందే చెప్పుండొచ్చు కదా!

పైకొచ్చాక అడిగా. "అయిపోయిందా?"

"లేదు. వీడి పెద్ద లైటు పోయింది. బొటనవేలు చూపించినాడు, తిరిగినాం."

ఎరుపు, పసుపు సిరంజిల్లో నీళ్లున్నాయి. నీలం టేపువి రెండూ ఖాళీ. వాటి కోసమే అక్క మూడు వారాలుగా అనుమతులకు తిరిగింది. యూనివర్సిటీలో డైవింగ్ భద్రత చూసే అధికారి సంతకం, పార్కు పర్మిట్, అన్నీ ఈ ఒక్కరోజుకే. నాకు ఉసూరుమంది.

"ఇంకో పది నిమిషాలు పోయుంటే వచ్చేవే కదక్కా. ఆయన దగ్గర ఇంకా రెండు చిన్న లైట్లున్నాయి, నీవి మూడూ ఉన్నాయి, గాలి కూడా ఉంది."

ఆమె ముఖం తుడుచుకుంటూ చాలా మామూలుగా అంది. "ఉన్నాయి కాబట్టే వెనక్కి వచ్చినాం రా. ఏమీ లేనప్పుడు వెనక్కి రావడమనేది ఉండదు."

ఆ అమెరికన్ సారీ చెప్పలేదు, ఈమె కోప్పడలేదు. ఇద్దరూ కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నారు.

నీళ్లకు వయసుంటుంది

తర్వాత పని నాది కూడా. చేతులకు రబ్బరు తొడుగులు. సీసాను ముందు అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. సిరంజి కొనకు జల్లెడలాంటి ఫిల్టర్ తగిలించి నీళ్లు సీసాలోకి నొక్కాలి. టైము, చోటు రాసి ఐసులో పెట్టాలి. దీంతోపాటు ల్యాబ్ నుంచే తెచ్చిన శుద్ధమైన నీళ్ల సీసా ఒకటి మాతోనే తిరిగి మాతోనే వెనక్కి పోతుంది. అందులోనూ ఏదైనా తేలితే మురికి గుహది కాదు, మా చేతులదని అర్థం. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. ఎదుటివాణ్ని అనే ముందు తనను తాను పరీక్షించుకోవడం.

వీళ్లు ముఖ్యంగా వెతికేది నైట్రేట్. ఎరువులోంచీ, పేడలోంచీ, సెప్టిక్ ట్యాంకుల్లోంచీ నేలలోకి దిగేది. రంగుండదు, వాసనుండదు, రుచి ఉండదు.

"పొద్దున తాగేయొచ్చు అన్నావే, ఆ గాజు నీళ్లలోనే ఉంది" అంది అక్క.

మనిషి తాగే నీళ్లలో నైట్రోజన్ లెక్కన లీటరుకు 10 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని అమెరికా హద్దు. అది దాటితే ముఖ్యంగా పసిబిడ్డలకు ముప్పు, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలమవుతుంది. కానీ బుగ్గల విషయంలో ఫ్లోరిడా పెట్టుకున్న హద్దు 0.35 మాత్రమే. ఎందుకంటే మనిషికి ఏమీ కాని ఆ కాస్త నైట్రేటే నాచుకు విందు భోజనం. నాచు అల్లుకుంటే నీటి గడ్డి చస్తుంది, గడ్డి మీద బతికేవన్నీ దాని వెనకే పోతాయి. పొద్దున మేం దాటొచ్చిన ఈ సువానీ నది పరివాహకంలో చాలా బుగ్గలు ఎప్పుడో ఆ 0.35 దాటేశాయి.

"అయితే ఎరువు ఆపేస్తే సరి" అన్నా.

"ఆపినా రేపే తగ్గదు. ఈ నీళ్ల వయసెంతో తెలుసా?"

నీళ్లకు వయసేంటి? ఉందట. పాత ఫ్రిజ్‌ల్లో వాడిన సీఎఫ్‌సీ వాయువులు గాలిలో ఏ ఏడు ఎంతున్నాయో లెక్కలున్నాయి. వాన నీళ్లు నేలలోకి దిగేటప్పుడు ఆ ఏటి గాలిని కాస్త కలుపుకుని దిగుతాయి. అణుబాంబు పరీక్షల వల్ల వానలో కలిసిన ట్రిటియం కూడా అలాంటి తేదీ ముద్రే. వాటిని కొలిచి చూస్తే ఈ ప్రాంతపు బుగ్గల్లో నీళ్ల సగటు వయసు పది నుంచి ముప్పై ఏళ్ల దాకా తేలింది. అంటే ఇప్పుడు నా చేతిలో ఉన్న సీసాలో కొంత నేను పుట్టకముందు కురిసిన వాన. అప్పటి రైతు చల్లిన ఎరువు. ఇవాళ చల్లుతున్నది ఎవరి సీసాలోకి వస్తుందో మరి!

దారి తెలిస్తే దారికొస్తుంది

అలాగని చేతులెత్తేయాల్సిన పని లేదు. సాయంత్రం తిరిగొస్తూ అక్క చెప్పిన వకుల్లా కథ వినండి.

ఫ్లోరిడా రాజధాని టాలహాసీకి దక్షిణాన వకుల్లా స్ప్రింగ్స్ ఉంది. 1954లో వచ్చిన 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' సినిమాలో నీటి అడుగు సీన్లు కొన్ని తీసింది అక్కడే. గాజు అడుగు పడవల్లో జనాన్ని తిప్పేవాళ్లు. క్రమంగా నీళ్లు మసకబారి, నాచు పెరిగి ఆ పడవలు తిరగని రోజులే ఎక్కువయ్యాయి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? గుహ ఈతగాళ్లు ఏళ్ల తరబడి లోపలికి వెళ్లి, తాడు వేసి, కొలిచి సొరంగాల మ్యాపు గీశారు. 2007లో గుహ ఈతగాళ్లు లియాన్ సింక్స్ అనే చోటూ వకుల్లా రెండూ ఒకటే గుహ అని రుజువు చేశారు, ఇద్దరు ఈతగాళ్లు ఆ గుహలో వకుల్లా దాకా దాదాపు 11 కిలోమీటర్ల దూరం పూర్తిగా నీళ్లలోనే దాటారు. ఇంకోపక్క శాస్త్రవేత్తలు టాలహాసీ నగరం తన మురుగునీటిని శుద్ధి చేసి పైరుకు చల్లే పొలంలో రంగు కలిపారు. ఆ రంగు వకుల్లాలో తేలింది. ఇక వాదించడానికేం మిగల్లేదు. నగరం ఇరవై కోట్ల డాలర్లకు పైగా పెట్టి శుద్ధి ప్లాంటును మార్చుకుంది. ఆ తర్వాత బుగ్గలో నైట్రేట్ దిగొచ్చింది. నాచు, మసక ఇంకా పూర్తిగా పోలేదు. అయినా ఒక అంకె కిందికి దిగింది, అది ఎందుకు దిగిందో కూడా తెలుసు.

మన దగ్గరా ఇలాంటి నేల లేకపోలేదు. నంద్యాల జిల్లాలోనే బెలుం గుహలున్నాయి కదా. సున్నపురాయిలో నీళ్లు తొలిచిన దారులే అవి. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు, 1982-83లో జర్మన్ బృందం లోపల కొలిచింది. చిట్టచివర పాతాళగంగ దగ్గర నిలబడి సెల్ఫీ దిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ నీళ్లు ఎక్కడ కురిసినవో, ఎటు పోతున్నాయో అని ఆ రోజు నాకు అనుమానమే రాలేదు.

ఇంకో మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల బోరు నీళ్లలో నైట్రేట్ హద్దు దాటిందని కేంద్ర భూగర్భ జల మండలి నివేదికలు చెబుతూనే ఉన్నాయి. మన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంకె వేరేలా కనిపిస్తుంది గానీ అమెరికా 10కి దాదాపు సమానమే. మనది మొత్తం నైట్రేట్ లెక్క, వాళ్లది అందులో నైట్రోజన్ లెక్క.

నాయనకు ఫోన్

ఆ రాత్రి అక్క వాళ్ల వంటింట్లో చిత్రాన్నం తింటూ నాయనకు వీడియో కాల్ చేశా. అక్కడ తెల్లారింది. చేని గట్టు మీదున్నాడు. వెనకాల మొక్కజొన్న నల్లగా, పచ్చగా కళకళలాడుతోంది. గట్టు పక్కన ఖాళీ యూరియా బస్తాలు. ఎన్ని అని అడగలేదు. నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది ఆ పచ్చదనమే.

"నాయనా, మన బోరు నీళ్లు ఎప్పుడన్నా టెస్ట్ చేయించినామా?"

"ఎందుకు రా? అద్దం మాదిరి ఉంటాయి."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. పొద్దున మెట్ల మీద నిలబడి నేనన్నదీ అదే మాట. అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "చిన్నాయనా, తప్పుందని కాదు. అన్నీ బాగున్నప్పుడే ఒకసారి చూసుకోవాల" అంది. ఏ లైటూ పోకముందే బొటనవేలు చూపించినట్టు.

నాయన కాసేపు మాట్లాడలేదు. పంప్‌సెట్ చప్పుడు వినపడుతోంది. తర్వాత వారం ఆయనే ఫోన్ చేశాడు. నంద్యాలలో నీళ్లు పరీక్షించే చోటు కనుక్కున్నాడట, బోరు దగ్గరే ఉన్నాడట. ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో కొత్త సీసా.

"ఒరే, మీ అక్కను అడుగు. ఈ సీసా అదే నీళ్లతో మూడుసార్లు కడగాలన్నావే... మూత కూడానా?"